ఉసురు తగిలే కథలు

వెయ్యేళ్ళ నాటి జపాన్ కథ ఇది. ఊరేగింపు చూడడానికి వచ్చిన బళ్ళతో రాజధాని క్యోతో వీధి కిక్కిరిసిపోయింది. చనిపోయిన యువరాజు భార్య రొకుజో కూడా వచ్చింది. తనను ఎవరూ గుర్తుపట్టకూడదని అల్లిన తడికల బండిలో, ఆడంబరం లేకుండా వచ్చి నిలబడింది. తర్వాత కథానాయకుడు గెంజి భార్య అవోయి పరివారం దిగింది. చోటు లేదు. తాగి ఉన్న పనివాళ్ళు రొకుజో బండిని వెనక్కి నెట్టేశారు. ఆ తోపులాటలో బండి నొగలు ఆనించే పీటలు విరిగిపోతే, పక్కన ఇంకెవరిదో బండి ఇరుసు మీద నొగలు ఆనించి నిలబెట్టాల్సి వచ్చింది. గెంజి రొకుజోకి ప్రియుడు. అతను గుర్రం మీద ఆ వీధిలోనే వెళ్ళాడు, భార్య బండి ముందు గంభీరంగా ముఖం పెట్టుకుని సాగిపోయాడు. వెనక ఇరుక్కున్న బండిలో ఎవరున్నారో చూడలేదు. రొకుజో ఎవరినీ ఒక్క మాట అనలేదు.

ఆ తర్వాత నిండు గర్భిణి అయిన అవోయికి జబ్బు చేసింది. పూజారులు హోమాలు మొదలుపెట్టారు. ఆమెను పట్టినవన్నీ ఒక్కొక్కటిగా పేర్లు చెప్పి దిగిపోయాయి కానీ ఒకటి మాత్రం కదలలేదు. ఒక రోజు గెంజి మంచం పక్కన కూర్చుని ఉండగా, అవోయి నోట్లోంచి వేరే గొంతు పలికింది. రొకుజో గొంతు. "దుఃఖంతో ఆకాశంలో చెదిరి తిరుగుతున్న నా ప్రాణాన్ని కొంగు ముడివేసి ఆపు" అనే అర్థం వచ్చే పద్యం చదివింది. దేహం వదిలి తిరిగే ప్రాణాన్ని నిలపాలంటే బట్ట అంచు ముడివేయాలని అప్పటివాళ్ళ నమ్మకం. బట్ట అంచుకు వాళ్ళు వాడే 'త్సుమ' అనే మాటకు భార్య, భర్త అనే అర్థాలు కూడా ఉన్నాయి.

మురసాకి షికిబు 11వ శతాబ్దం మొదట్లో రాసిన 54 అధ్యాయాల గెంజి కథలో ఇది తొమ్మిదో అధ్యాయం. ఇంతవరకూ ఎవరైనా రాయగలరేమో గానీ, ఆ తర్వాత వచ్చే నాలుగు వాక్యాల వల్లే వెయ్యేళ్ళుగా ఆ అధ్యాయం చెక్కుచెదరలేదని నా నమ్మకం. అవోయి ప్రసవించిందన్న కబురు రొకుజోకి చేరుతుంది. తన ఇంట్లో తాను కూర్చున్న ఆవిడ, తన బట్టల నిండా హోమంలో వేసే గింజల వాసన ఉందని గమనిస్తుంది. అక్కడికి తాను వెళ్ళలేదే? అనుమానంతో తలంటుకుంటుంది, బట్టలు మార్చుకుంటుంది. వాసన పోదు. ఎవరికీ చెప్పుకోలేదు. కొద్దిరోజులకే అవోయి చనిపోతుంది.

ఈ రొకుజోను తెలుగులో ఏమనాలి?

దయ్యం అనలేం, ఆవిడ బతికే ఉంది. మంత్రగత్తె అనలేం, ఆవిడ ఏ మంత్రమూ చదవలేదు. జపాన్ భాషలో దీన్ని ఇకిర్యో అంటారు, 'బతికున్నవాళ్ళ ఆత్మ' అని అక్షరార్థం. తెలుగు పాఠకులకు జపాన్ కథలు ఎక్కువగా ఇంగ్లీషు మీదుగానే అందుతాయి కాబట్టి అక్కడున్న నాలుగైదు రకాల మాటలూ ఇక్కడికి వచ్చేసరికి దయ్యంగానో ఆత్మగానో మారిపోతాయి. అలా మారగానే కథ సగం చచ్చిపోతుంది. మన దగ్గర దీనికి అచ్చమైన మాట ఒకటి ఉంది, దాన్ని కథల దగ్గరికి తీసుకురావడం మనమే మర్చిపోయాం. ఆ మాట ఉసురు.

ఉసురు అంటే ఊపిరి, ప్రాణం. 'ఉసురు తీశాడు' అన్నప్పుడు అదే అర్థం. కానీ 'ఆ పిల్ల ఉసురు ఊరికే పోదు', 'వాళ్ళ ఉసురు పోసుకున్నాడు' అన్నప్పుడు దాని బలం వేరు. శాపానికి నోరు కావాలి, ఎవరో ఒకరు పలకాలి. దిష్టికి కన్ను కావాలి. చేతబడికి చేసేవాడూ సామగ్రీ కావాలి. ఉసురుకి ఇవేవీ అక్కర్లేదు. అన్యాయం జరిగినవాళ్ళు నోరు మెదపకపోయినా, పగ తీర్చుకోవాలని అనుకోకపోయినా, వాళ్ళు బతికి ఉన్నా పోయినా, అది వెళ్ళి తగులుతుంది. తగిలించినవాళ్ళకే తెలియకపోవచ్చు. రొకుజో కథంతా ఈ చివరి మాటలోనే ఉంది. తన ఉసురు తగిలిందని ఆవిడకు తెలిసింది వాసన వల్ల మాత్రమే.

ఆ వాసన గురించి ఇంకొంచెం చెప్పాలి, అక్కడ మనకు దగ్గరి సంబంధం ఉంది కాబట్టి. ఆ పూజను వాళ్ళు గోమ అంటారు. అది మన హోమమే, సంస్కృతపు మాట చైనా మీదుగా జపాన్ చేరి అలా మారింది. అందులో వేసే గింజల్ని కెషి అంటారు. ఈ రోజు జపాన్‌లో కెషి అంటే గసగసాలు. కానీ ఆ మాట రాసే చైనా అక్షరాలకు అసలు అర్థం ఆవాలు. ఇంగ్లీషు అనువాదకుల్లో కొందరు ఆవాలు అన్నారు, కొందరు గసగసాలు అన్నారు. తాంత్రిక బౌద్ధంలో భూతాల్ని తరమడానికి వాడేది తెల్ల ఆవాలే. జపాన్ తాంత్రిక బౌద్ధంలోని షింగోన్ శాఖవాళ్ళ ఐతిహ్యంలో నాగార్జునుడు దక్షిణ భారతదేశంలో మూసి ఉన్న ఇనుప గోపురం తలుపును ఏడు తెల్ల ఆవగింజలు మంత్రించి కొట్టి తెరిచాడంటారు. ఆ గోపురం మన అమరావతి స్తూపమేనని వాదించిన జపాన్ పండితులు ఉన్నారు. దిష్టి తీసి ఆవాలు నిప్పులో వేసే ఇంట్లో పెరిగినవాళ్ళకి రొకుజో జుట్టులో చిక్కుకున్న ఆ ఘాటు వేరే ఎవరూ వివరించక్కర్లేదు. తెలుగులోకి తెచ్చేవారు అక్కడ ఆవాలు అనే రాయాలని నేను గట్టిగా అంటాను. గసగసాలు అంటే మనకు మసాలా గుర్తొస్తుంది.

ఇంకొక చిన్న సంగతి. ఆవిడ తలంటుకున్నది బియ్యం కడిగిన నీళ్ళతో. ఆ నీళ్ళకు అప్పటి జపాన్ మాట 'యుసురు'. ఇది శబ్దం కలవడమే తప్ప రెండు మాటలకూ చుట్టరికం లేదు. అయినా ఉసురు గురించి ఆలోచిస్తూ ఆ వాక్యం దగ్గరికి వచ్చిన తెలుగువాళ్ళు ఒక్క క్షణం ఆగకుండా ఉండలేరు.

పట్టినదాన్ని వదిలించే పద్ధతి కూడా తెలుసుకుంటే ఈ అధ్యాయం బాగా అర్థమవుతుంది. రోగి దగ్గర మంత్రం చదివే పూజారి ఒకరు, పక్కన ఒక చిన్నపిల్లో పరిచారికో. పూజారి పట్టినదాన్ని రోగి ఒంట్లోంచి ఆ పిల్ల ఒంట్లోకి దించుతాడు. అది అక్కడ మాట్లాడాలి, పేరు చెప్పాలి, ఎందుకొచ్చిందో చెప్పాలి. పేరు చెప్పిందంటే పని సగం అయినట్టే. అవోయి విషయంలో చెడింది ఇక్కడే. ఆ ఒక్కటీ పిల్ల ఒంట్లోకి దిగలేదు, రోగి నోటితోనే, అదీ గెంజికి మాత్రమే వినపడేలా మాట్లాడింది. గెంజి ఎవరికీ చెప్పలేదు. కాబట్టి పేరు బయటపడలేదు, వదిలింపూ పూర్తి కాలేదు.

మురసాకి షికిబు ఈ దయ్యాల్ని నమ్మిందా? ఆవిడ పద్యాల సంపుటిలో ఒక పద్యం ఉంది. ఒక బొమ్మ చూసి రాసింది. దయ్యం పట్టిన భార్య, ఆమె వెనక చనిపోయిన మొదటి భార్య రూపం, సూత్రం చదువుతూ వదిలించే ప్రయత్నంలో భర్త, ఇదీ బొమ్మ. పద్యం భావం ఇది: పోయిన ఆవిడ మీద నెపం పెట్టి అవస్థ పడుతున్నాడే, అది అతని మనసులో ఉన్న రాక్షసి కాదూ? గెంజి కథ రాసిన చెయ్యే ఈ పద్యమూ రాసింది. అపరాధం చేసినవాడి మనసు ఒక వైపు, అన్యాయమైనవాళ్ళ ప్రాణం ఇంకొక వైపు. ఉసురు తగలడం ఈ రెంటి మధ్య జరిగే పని. అందుకే దాన్ని 'అంతా భ్రమ' అని కొట్టిపారేసినా, 'నిజంగా దయ్యమే' అని తేల్చేసినా కథ కుదరదు.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది. ఉసురు తప్పు చేసినవాడికి తగలాలి కదా? రొకుజో గెంజిని ముట్టుకోలేదు, అవోయిని చంపింది. చాలా ఏళ్ళ తర్వాత, చనిపోయాక కూడా, వచ్చి మురసాకి అనే ఇంకో ఆడమనిషిని (రచయిత్రి కాదు, కథలో పాత్ర) పట్టింది. దీనికి జవాబు 35వ అధ్యాయంలో ఆ ప్రేతమే చెబుతుంది: నీకు దేవతల రక్ష గట్టిగా ఉంది, నీ దగ్గరికి రాలేకపోయాను అని. బలవంతుడికి తగలని ఉసురు అతని పక్కనున్న బలహీనులకు తగులుతుంది. మన పెద్దవాళ్ళు 'వాడికి కాకపోతే వాడి పిల్లలకి తగులుతుంది' అనడంలో ఉన్న భయంకరమైన లెక్క ఇదే. నా వాదనకు ఇది అడ్డు రాదు, దాన్ని ఇంకా గట్టి చేస్తుంది.

మాటల సంగతి కొంచెం తేల్చుకుందాం. 1910లో తోనో గాథలు వెలువరించిన జానపద పరిశోధకుడు యానగితా కునియో యోకాయికీ (వింత భూతానికీ) యూరేయికీ (చనిపోయినవాళ్ళ దయ్యానికీ) మధ్య ఒక గీత గీశాడు. యోకాయి ఒక చోటును పట్టుకుని ఉంటుంది, ఆ దారిన పోయేవాళ్ళెవరైనా దానికి ఒకటే, చోటు వదిలి పారిపోతే వెంటపడదు. అది కనపడేది ఎక్కువగా పొద్దు వాలే వేళ. ఆ వేళను జపాన్‌వాళ్ళు దయ్యాలు ఎదురయ్యే పొద్దు అంటారు, మన అసురసంధ్య. యూరేయి చోటును కాదు, మనిషిని వెతుక్కుంటూ వస్తుంది. ఎంత దూరం పారిపోయినా వస్తుంది. దాని వేళ రాత్రి రెండు గంటల ప్రాంతం. ఈ గీతకు మినహాయింపులు చాలా ఉన్నాయని తర్వాతివాళ్ళు చూపించారు, అది నిజమే. అయినా చదివేటప్పుడు పనికొస్తుంది. ఏ వేళ, ఏ చోట, ఎవరి కోసం, ఏ బాకీ మిగిలిపోయి? ఈ నాలుగూ అడిగితే కథలో ఉన్నది ఏమిటో తెలిసిపోతుంది.

అనువాదంలో 'ఆత్మ' అనే మాట అస్సలు వద్దంటాను. మన సినిమాలు ఆ మాటను దయ్యానికి అలవాటు చేశాయి గానీ, ఈ కథలన్నీ బౌద్ధం నానిన నేల మీద పుట్టినవి, ఆత్మ అనేది లేదని చెప్పిన ధర్మం అది. 'ప్రేతం' కొంత నయమే కానీ అందులోనూ ఒక చిక్కు ఉంది. సంస్కృతపు ప్రేత శబ్దానికి తూర్పు దేశాల్లో చేసిన అనువాదం 'ఆకలి దయ్యం', జపాన్‌లో దాన్ని గకి అంటారు. అది మనిషి తన పిసినారితనం వల్ల తానే పొందే జన్మ. ఎవరో చేసిన అన్యాయం వల్ల తిరిగొచ్చే యూరేయి అది కాదు. బౌద్ధ నేపథ్యం ఉన్న కథలో రెంటికీ ప్రేతమనే రాస్తే గందరగోళం తప్పదు. యోకాయిని యోకాయిగానే ఉంచి మొదటిసారి ఒక్క వాక్యంలో చెప్పేస్తే చాలు, తెలుగు పాఠకులు సునామీని, కరాటేను పలికినంత సులువుగా దాన్నీ పలుకుతారు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ దగ్గరికి వస్తాను. ఉయెదా అకినారి 1776లో అచ్చు వేసిన ఉగెత్సు మొనోగతారిలో తొమ్మిది కథలున్నాయి, వాటిలో 'కిబిత్సు కాగు' ఒకటి. కిబిత్సు గుడి ఈనాటి ఒకయామాలో ఉంది. అక్కడ పొయ్యి మీద పెద్ద కాగు పెట్టి నీళ్ళు మరిగించి, అది చేసే మోతను బట్టి శుభాశుభాలు తెలుసుకునే తంతు ఇప్పటికీ జరుగుతోంది. కథలో షోతారో అనే జులాయి కుర్రవాడికి ఆ గుడి పూజారి కూతురు ఇసొరాతో పెళ్ళి కుదురుతుంది. ఆనవాయితీ ప్రకారం కాగు పెడతారు. మంచి జరిగేదైతే అది ఎద్దు రంకెలా మోగాలి. గడ్డిలో కీచురాయి చేసేంత చప్పుడు కూడా రాదు. అయినా ఇచ్చిపుచ్చుకోవడాలు అయిపోయాయి, ఇప్పుడు వెనక్కి తగ్గితే పరువేంటి అని పెళ్ళి చేసేస్తారు.

ఇసొరా మంచి భార్య. షోతారో సొదె అనే వేశ్యతో ఉంటాడు. తండ్రి అతన్ని ఇంట్లో కట్టడి చేస్తే, నేను మారిపోయాను, ఆమెను మాత్రం ఒక దారి చూపించి పంపేస్తాను అని భార్యను నమ్మిస్తాడు. ఇసొరా తన బట్టలూ వస్తువులూ అమ్మి, అమ్మ దగ్గర అబద్ధం చెప్పి తెచ్చి, ఆ డబ్బు చేతిలో పెడుతుంది. అతను ఆ డబ్బుతోనే సొదెను తీసుకుని పారిపోతాడు. ఇసొరా మంచం పడుతుంది. అటు వేరే ఊళ్ళో సొదె ఏదో పట్టినట్టుగా జబ్బు పడి ఏడు రోజుల్లో పోతుంది. అప్పటికి షోతారోకి ఒక్క క్షణం అనుమానం వస్తుంది: ఊళ్ళో వదిలేసి వచ్చినామె ఇకిర్యో కాదు కదా? అకినారి ఆ మాట రాసి ముందుకు వెళ్ళిపోతాడు. తర్వాత ఇసొరా చచ్చిపోయి దయ్యంగా వస్తుంది. బతికున్నప్పుడు వెళ్ళి తగిలినదీ, చచ్చాక వచ్చి తగిలినదీ ఒక్కటే. మధ్యలో చావు అనేది గీత కూడా గీయలేదు. దీనికి దయ్యం అనే మాట ఎలా సరిపోతుంది? దయ్యం కావాలంటే ముందు చావాలి. ఉసురుకు ఆ నియమం లేదు.

ఇక చివరి భాగం, అక్కడ లెక్క చూడండి. సమాధుల దగ్గర ఇసొరాను చూసి స్పృహ తప్పిన షోతారోని పక్కింటి హికొరొకు ఒక జ్యోతిష్కుడి దగ్గరికి తీసుకెళ్తాడు. ఆమె పోయి ఏడు రోజులైంది అంటాడతను. బౌద్ధంలో చనిపోయినవాళ్ళు ఇంకో జన్మకు పోయేలోగా మధ్యలో ఉండే గడువు 49 రోజులు. ఏడు పోతే మిగిలినవి 42. ఆ 42 రోజులూ తలుపు మూసుకుని నిష్ఠగా ఉండాలి, గడప దాటితే చావే. షోతారో ఒంటి నిండా పాతకాలపు లిపిలో అక్షరాలు రాస్తాడు, ఇంటికున్న ప్రతి తలుపుకీ అంటించడానికి ఎర్రసిరాతో రాసిన కాగితాలు ఇస్తాడు. మొదటి రాత్రే బయట గొంతు వినిపిస్తుంది: "అబ్బా, ఇక్కడ పవిత్రమైన కాగితం అంటించారే!" రాత్రి రాత్రికీ ఆ గొంతు ఇంటి చుట్టూ తిరుగుతుంది, పైకప్పు మీద అరుస్తుంది. పగలు షోతారో పలచని గోడ అవతల ఉన్న హికొరొకుతో మాట్లాడి ధైర్యం తెచ్చుకుంటాడు.

42వ రాత్రి వస్తుంది. తెల్లవారుతున్నట్టు ఆకాశం తెల్లబడుతుంది. గోడ తట్టి హికొరొకుని పిలుస్తాడు, గడువు తీరింది, నీ మొహం చూడాలని ఉంది, వస్తున్నా అంటాడు. హికొరొకు తన తలుపు సగం తీస్తుండగానే పక్కింట్లోంచి చెవులు చిల్లులు పడేలా కేక. గొడ్డలి పట్టుకుని బయటికి వస్తే ఇంకా చీకటే, చంద్రుడు నడినెత్తిన మసగ్గా ఉన్నాడు, గాలి చల్లగా ఉంది. షోతారో తలుపు తీసి ఉంది, మనిషి లేడు. తలుపు పక్క గోడ మీంచి నెత్తురు నేల మీదికి కారుతోంది. శవం లేదు, ఎముక లేదు. చూరుకి ఏదో వేలాడుతోంది. దీపం ఎత్తి చూస్తే మగవాడి జుట్టు ముడి, అంతే.

ఏం తప్పు జరిగింది? కాగితాలు పనిచేశాయి, ఒంటి మీద రాతా పనిచేసింది, గొంతు 41 రాత్రులు లోపలికి రాలేకపోయింది. పొరపాటు ఒక్కటే, తెల్లవారక ముందే తెల్లవారిందనుకున్నాడు. ఆ వెలుగు ఎవరు చూపించారో అకినారి చెప్పడు. కాగు విషయంలో పెళ్ళివాళ్ళు చేసిందీ ఇదే, తమకు కావాల్సిన సమాధానమే వచ్చిందనుకున్నారు. భయపెట్టే కథ రాయాలనుకునే తెలుగు రచయితలకు నేను చెప్పే మాట ఇదొక్కటే: ముందు నియమాలు పెట్టండి, అవి రోజుల్లోనూ కాగితాల్లోనూ గుమ్మాల్లోనూ లెక్కపెట్టగలిగేవిగా ఉండాలి, దయ్యం వాటిని తప్పకుండా పాటించాలి, తప్పేవాడు మనిషే కావాలి.

అలాంటి కాగితాన్నే వంద ఏళ్ళ తర్వాత సన్యూతెయి ఎంచో ఇంకో పని చేయించాడు. అతను నోటితో కథ చెప్పే కళాకారుడు. అతను చెప్పిన 'పియొనీ లాంతరు' కథను లఘులిపిలో ఎక్కించి 1884లో అచ్చు వేశారు. మూలం ఒక చైనా కథ. ఇందులో ఒట్సుయు అనే అమ్మాయి ప్రియుడి మీద బెంగతో చనిపోయి రాత్రులు అతని దగ్గరికి వస్తుంది, ముందు పనిమనిషి పూల లాంతరు పట్టుకుని నడుస్తుంది, ఇద్దరి చెక్క చెప్పులూ 'కరాన్ కొరోన్' అని మోగుతాయి. 18వ శతాబ్దపు చిత్రకారుడు మరుయామా ఓక్యో కాళ్ళు లేని దయ్యాన్ని గీశాడనీ, అప్పటినుంచి జపాన్ దయ్యాలకు కాళ్ళు పోయాయనీ అంటారు. ఎంచో ఆ కాళ్ళు తిరిగి ఇచ్చాడు, కంటికి కాదు, చెవికి. ప్రియుడు షింజబురో రక్ష కోసం కాగితాలు అంటించుకుంటాడు. దయ్యాలు లోపలికి రాలేక అతని పనివాడు తొమొజోను బతిమాలతాయి. తొమొజో పెళ్ళాంతో ఆలోచించి 100 ర్యో (అప్పటి బంగారు నాణేలు) అడుగుతాడు. డబ్బు ముట్టాక నిచ్చెన వేసి వెనక కిటికీ మీది కాగితం పీకేస్తాడు. చాలా మంది కథ ఇక్కడితో అయిపోయిందనుకుంటారు. కాలేదు. ఎంచో చెప్పిన పూర్తి కథలో చాలా తర్వాత తొమొజో ఒప్పుకుంటాడు: యజమానిని చంపింది తానేననీ, స్మశానంలోంచి ఎముకలు తెచ్చి పక్కన పెట్టి దయ్యం మీదికి తోసేశాననీ. మురసాకి షికిబు పద్యంలో చెప్పిన 'నెపం' ఎనిమిదిన్నర శతాబ్దాల తర్వాత మళ్ళీ ఇక్కడ తేలింది.

ఓయివా గురించి చెప్పకుండా వదలలేను. త్సురుయా నాంబొకు రాసిన యోత్సుయా కథ 1825లో ఎదోలోని (ఈనాటి టోక్యో) నకమురా నాటకశాలలో తొలిసారి ఆడింది, 47 మంది సమురాయిల పగ కథతో కలిపి రెండు రోజుల పాటు. పౌరుషం ఉన్న కథ పక్కన పౌరుషం లేని యజమాని వల్ల పాడైపోయిన ఇల్లు. బాలింత ఓయివాకు మందు అని చెప్పి పక్కింటివాళ్ళు విషం పంపుతారు. ముఖం ఒక పక్క ఉబ్బిపోతుంది. అది తెలిశాక ఆమె వాళ్ళింటికి వెళ్ళి నిలదీయాలని తయారవుతుంది. అప్పటి పెళ్ళైన ఆడవాళ్ళ అలవాటు ప్రకారం పళ్ళకు నలుపు రాసుకుంటుంది, తల్లి ఇచ్చిపోయిన దువ్వెనతో తల దువ్వుకుంటుంది. దువ్విన చోటల్లా జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడొస్తుంది. రంగస్థలం మీద ఈ ఘట్టం నడిచేటప్పుడు పక్కన ఒక్క గొంతు సన్నగా పాడుతుంది. ఓయివా ముందు జుట్టు కుప్ప పెరుగుతూ పోతుంది, ఎందుకంటే కింద కూర్చున్న మనిషి ఒకరు బల్లకున్న రంధ్రంలోంచి జుట్టు పైకి తోస్తూ ఉంటాడు. చివరికి ఆమె గుప్పిట్లో పిండిన జుట్టులోంచి నెత్తురు కారుతుంది.

తర్వాత కాలువ ఒడ్డున భర్త ఇయేమోన్ చేపలు పడుతుంటే ఒక తలుపు చెక్క తేలుతూ వస్తుంది. దానికి ఒక వైపు ఓయివా శవం, తిప్పితే ఇంకో వైపు కొహేయి అనే పనివాడి శవం. తొలి ప్రదర్శనలో రెండు పాత్రలూ వేసింది మూడో ఒనొఎ కికుగోరో ఒక్కడే. చెక్కకు తల పెట్టే రంధ్రం ఉంటుంది, ఒళ్ళు రెండు వైపులా బొమ్మ, నటుడు వెనకనుంచి తల దూర్చి ఒక ముఖం, చెక్క తిరిగేలోగా ఇంకో ముఖం. వేగం తగ్గితే జనం నవ్వేస్తారు. అందుకే ఈ ఘట్టాన్ని నటులు ప్రాణం పెట్టి సాధన చేస్తారు. ఈ నాటకం వేసేముందు యోత్సుయాలో ఓయివా పేరు మీదున్న గుడికి వెళ్ళి దణ్ణం పెట్టుకోవడం ఇప్పటికీ ఆచారం.

నా వాదనకు కావాల్సినది ఇంకొకటి ఉంది, చాలామంది గమనించనిది. ఓయివాను ఎవరూ నేరుగా చంపరు. గొడవలో స్తంభానికి గుచ్చుకుని ఉండిపోయిన కత్తికి ఆమె గొంతు తెగుతుంది. విషం పంపినవాళ్ళు ప్రాణం పోవాలని పంపలేదు, ముఖం పాడవ్వాలని పంపారు. భర్త ఆ క్షణంలో ఇంట్లోనే లేడు. చట్టం దగ్గరికి వెళ్తే హంతకుడంటూ దొరకడు. అలాంటి చోటే ఉసురు అనే మాట పుట్టింది, ఇక్కడా అక్కడా కూడా. హత్యకు న్యాయస్థానం ఉంది, మనిషిని నలిపి నలిపి చావు దాకా తీసుకెళ్ళినదానికి లేదు.

మరి 20వ శతాబ్దం ఏం చేసింది? అకుతగవా ర్యూనోసుకె 1922లో వెలువరించిన ఒక కథలో చనిపోయినవాడు పూనకం వచ్చిన స్త్రీ నోటితో సాక్ష్యం చెబుతాడు, బతికున్నవాళ్ళ సాక్ష్యాలతో అది కూడా కలవదు. చచ్చినవాడు నిజమే చెబుతాడన్న పాత భరోసాను అతను ఒక్క కథతో తీసేశాడు. సుజుకి కోజీ 1991లో రాసిన 'రింగు' నవలలో చనిపోయిన సదాకో అనే అమ్మాయి శాపం వీడియో క్యాసెట్టులో ఎక్కి, చూసినవాళ్ళందర్నీ ఏడు రోజుల గడువుతో పట్టుకుంటుంది. గడువూ నియమమూ అకినారి దగ్గర ఉన్నవే, ఇంకొకరికి కాపీ చేసి చూపించడం కొత్త రక్ష కాగితం. కానీ ఇందులో ఒకటి పోయింది. చూసినవాడికీ సదాకోకీ ఏ సంబంధమూ లేదు. ఉసురు అంటురోగంగా మారింది. భయం పెరిగింది, ఒప్పుకుంటాను. కానీ ఎవరికి ఏం చేశామన్న ప్రశ్న పోవడం నాకు పెద్ద నష్టంగానే కనిపిస్తుంది, ఆ దారిలో వచ్చిన సినిమాల్లో ఎక్కువ భాగం జుట్టు విరబోసుకున్న ఆకారం దగ్గరే ఆగిపోవడానికి కారణం అదే.

చివరగా యానగితా తోనో గాథలు. మొదట 350 ప్రతులు వేసుకున్న చిన్న పుస్తకం, 119 గాథలు, తోనో ప్రాంతపు యువకుడు ససాకి కిజెన్ చెప్పగా రాసినవి. 22వ గాథలో ఒక ముసలావిడ చనిపోతుంది. ఆ రాత్రి ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు పొయ్యి దగ్గర మేలుకుని నిప్పులో బొగ్గులు వేస్తుంటారు. వెనక గుమ్మంలోంచి అడుగుల చప్పుడు. వచ్చింది చనిపోయిన ఆవిడే. నడుం వంగి ఉండేది కాబట్టి నేల మీద ఈడ్వకుండా బట్ట అంచు ముందువైపు మూడు మూలలుగా పైకి కుట్టుకునేది, ఇప్పుడూ అలాగే ఉంది, చారల బట్ట కూడా గుర్తుపట్టగలిగేదే. పొయ్యి పక్కనుంచి వెళ్తుంటే ఆ అంచు బొగ్గుల బుట్టకు తగిలింది. గుండ్రటి బుట్ట కాబట్టి గిరగిరా తిరిగింది. నవలా రచయిత మిషిమా యుకియో ఈ బుట్ట తిరగడం చూపించి, నవల అంటే ఇదీ అన్నాడు. దయ్యం తగిలి వస్తువు కదలడమంటే లోకం ఒక అంగుళం పక్కకు జరిగినట్టే.

ఇక్కడ ఉసురు అనే నా మాట పనిచేయదని ఒప్పుకోవాలి. ఆ ముసలావిడకు అన్యాయం జరగలేదు, ఎవరి మీదా ఉసురు లేదు. తన ఇంట్లో తాను నడిచి వెళ్ళింది, అంతే. 99వ గాథ దగ్గర కూడా నా మాట తడబడుతుంది. 1896 జూన్ 15న సాన్రికు తీరాన్ని సునామీ ముంచెత్తి సుమారు 22,000 మందిని తీసుకుపోయింది. ఫుకుజి అనేవాడికి భార్యా ఒక బిడ్డా పోయారు, ఇద్దరు పిల్లలు మిగిలారు. ఏడాది తర్వాత వేసవిలో ఒక వెన్నెల రాత్రి, సముద్రపొడ్డు దారిలో నడుస్తుంటే పొగమంచులోంచి ఒక ఆడా మగా వస్తున్నారు. ఆవిడ తన భార్యే. వెంటపడి పేరు పెట్టి పిలిస్తే వెనక్కి తిరిగి నవ్వింది. పక్కనున్నవాడు అదే ఊరివాడు, అదే అలకు పోయినవాడు, తాను పెళ్ళి చేసుకోకముందు ఆవిడ మనసుపడ్డవాడు. ఇప్పుడు ఇతనితో కాపురం చేస్తున్నాను అంది. పిల్లల మీద నీకు ప్రేమ లేదా అన్నాడు ఫుకుజి. ఆవిడ ముఖం రంగు మారింది, ఏడ్చింది. చనిపోయినవాళ్ళతో మాట్లాడుతున్నట్టు లేదు అతనికి, బాధతో తల వంచుకుని కాళ్ళ వైపు చూస్తుండగా వాళ్ళిద్దరూ కొండ మలుపు తిరిగి కనపడకుండా పోయారు. కొంత దూరం పరుగెత్తాడు. వాళ్ళు చనిపోయినవాళ్ళని అప్పుడు గుర్తొచ్చింది. తెల్లవారేదాకా దారి మధ్యలోనే నిలబడి ఆలోచించి, పొద్దున్నే ఇంటికి వెళ్ళాడు. ఆ తర్వాత చాలాకాలం జబ్బుతో ఉన్నాడట.